బ్లఫ్ ఆట: అనుమానానికీ ఒక ధర ఉంటుంది

ఈ నెల ఇంటి పాఠానికి కావలసినవి ఒక పేక కట్ట, నలుగురు మనుషులు, అరగంట సమయం. ఆట పేరు బ్లఫ్. కొందరు దీన్నే చీట్ అంటారు. పిల్లలు నలుగురు చేరిన చోట ఆడుకునే ఆటే కాబట్టి మీ అమ్మాయికో అబ్బాయికో ఇప్పటికే తెలిసి ఉండవచ్చు. తెలిస్తే వాళ్లనే మీకు నేర్పమనండి. నియమాలను వరుసగా, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పగలగడం కూడా ఒక చదువే.

ఆట పేరు వినగానే తల్లిదండ్రులకు రెండు సందేహాలు వస్తాయి. పేకముక్కలు పిల్లల చేతికి ఇవ్వడం ఏమిటన్నది మొదటిది. అబద్ధం చెప్పి గెలిచే ఆటను మనమే కూర్చోబెట్టి నేర్పాలా అన్నది రెండోది. రెండూ న్యాయమైన సందేహాలే. ముందు ఆట చూద్దాం, తర్వాత వాటి సంగతి మాట్లాడుకుందాం.

ఆడే పద్ధతి

జోకర్లు తీసేస్తే కట్టలో 52 ముక్కలు ఉంటాయి. బాగా కలిపి, కోసి, అందరికీ పంచాలి. నలుగురైతే తలా 13 వస్తాయి. ఐదుగురైతే ఇద్దరికి 11, ముగ్గురికి 10 చొప్పున వస్తాయి. ఆరుగురైతే నలుగురికి 9, ఇద్దరికి 8. ఎవరి ముక్కలు వారే చూసుకోవాలి.

మొదటి వంతు వచ్చినవారు ఆసులు వేయాలి. రెండోవారు 2 నంబరు ముక్కలు, మూడోవారు 3 నంబరువి, ఇలా 10 దాకా వెళ్లి జాకీ, రాణి, రాజు అయ్యాక మళ్లీ ఆసుకు వస్తుంది. ముక్కలను బోర్లా పెట్టి, ఏమిటో ఎన్నో పైకి చెప్పాలి: “ఒక ఆసు”, “రెండు త్రీలు” అని. ఒకటి నుంచి నాలుగు దాకా వేయవచ్చు. చెప్పిన సంఖ్య, కింద పెట్టిన సంఖ్య ఒకటే అయి ఉండాలి. కానీ ఆ ముక్కలు నిజంగా అవేనా కాదా అన్నది వేసినవారికే తెలుసు. చేతిలో ఆ నంబరు లేకపోయినా వంతు తప్పించుకోవడానికి లేదు. ఏదో ఒక ముక్క వేసి, ఉన్నట్టే చెప్పాలి.

తర్వాతివారు ముక్క వేసేలోపు ఎవరికి అనుమానం వచ్చినా “బ్లఫ్” అనవచ్చు. అప్పుడు చివరగా వేసిన ముక్కలు తిప్పి చూస్తారు. చెప్పింది అబద్ధమైతే, చెప్పినవారు మధ్యలో ఉన్న కుప్పంతా ఎత్తుకోవాలి. చెప్పింది నిజమైతే, బ్లఫ్ అన్నవారే ఎత్తుకోవాలి. తర్వాత ఆట ఆగిన చోటి నుంచి వరుసలో ముందుకు సాగుతుంది. చేతిలో ముక్కలన్నీ ముందుగా అయిపోయినవారు గెలిచినట్టు.

ఒక చిన్న ఉదాహరణ. అమ్మ, నాన్న, అక్క, తమ్ముడు ఆడుతున్నారు. అమ్మ “ఒక ఆసు” అని వేసింది. నాన్న “రెండు టూలు” అన్నారు. అక్క దగ్గర త్రీ ఒక్కటీ లేదు. ఒక రాజును, ఒక తొమ్మిదిని బోర్లా పెట్టి “రెండు త్రీలు” అంది. తమ్ముడి చేతిలో మూడు త్రీలు ఉన్నాయి. కట్ట మొత్తంలో ఉండేవే నాలుగు. బయట ఒక్కటి మించి ఉండే వీలు లేదు. వాడు ముఖాలు చూడనక్కరలేదు, ధైర్యమూ అక్కరలేదు. “బ్లఫ్” అన్నాడు. అక్క ఐదు ముక్కలూ ఎత్తుకుంది. అదే ఆమె ఒక్క ముక్క వేసి “ఒక త్రీ” అని ఉంటే, తమ్ముడు ఖాయంగా చెప్పగలిగేవాడు కాదు.

లెక్క ఎక్కడుంది

చిన్న క్లాసుల పిల్లలకు ఇందులో తీసివేత ఉంది. నాలుగులోంచి నా దగ్గరున్నవి తీసేస్తే బయట ఎన్ని? రెండు మూడు ఆటలు ఆడేసరికి ఎవరూ చెప్పకుండానే ఈ లెక్క చేయడం మొదలుపెడతారు.

ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇంకో మెట్టు ఉంది. నలుగురు ఆడుతున్నప్పుడు, మొదటి వంతు నాదైతే, నాకు వచ్చే నంబర్లు ముందే తెలిసిపోతాయి. ఆసు, 5, 9, రాజు; ఆ తర్వాత 4, 8, రాణి; ఆ తర్వాత 3, 7, జాకీ; చివరికి 2, 6, 10. పదమూడు వంతుల్లో పదమూడు రకాలూ ఒక్కొక్కసారి వస్తాయి, ఏదీ రెండోసారి రాదు. 13కూ 4కూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోవడమే దీనికి కారణం. ఈ వరుసను మీ అబ్బాయిని కాగితం మీద రాయమనండి. అది తెలిశాక, బ్లఫ్ చేయక తప్పని వంతులో ఏ ముక్కను వదిలించుకోవాలో కూడా తెలుస్తుంది. తనకు అన్నిటికన్నా ఆలస్యంగా పనికొచ్చే ముక్కనే వదులుకోవాలి.

తొమ్మిది, పది తరగతుల వారికి సంభావ్యత ఉంది. ఆట మొదలైంది, మొదటి వంతు అమ్మది. అక్క చేతిలో రెండు ఆసులు ఉన్నాయి. అమ్మ “రెండు ఆసులు” అంది. నమ్మాలా? అక్కకు కనపడని ముక్కలు 39. అందులో అమ్మవి 13. మిగిలిన రెండు ఆసులూ అమ్మ దగ్గరే ఉండే అవకాశం 13/39ను 12/38తో గుణిస్తే వస్తుంది. అంటే 2/19, నూటికి పదకొండు కన్నా కొంచెం తక్కువ. ఇంత తక్కువ కదా, బ్లఫ్ అనేయవచ్చు అనిపిస్తుంది.

ఇక్కడే తొందరపడకూడదు. ఇలాంటి పరిస్థితి 57 సార్లు వస్తే, సగటున 25 సార్లు అమ్మ దగ్గర ఆసు అసలే ఉండదు. 26 సార్లు ఒకటి ఉంటుంది. 6 సార్లు రెండూ ఉంటాయి. ఇప్పుడు అమ్మ అలవాటు చూడండి. ఆమె ఉన్నప్పుడు ఉన్నన్ని నిజంగా వేసి, అసలు లేనప్పుడు మాత్రమే “ఒక ఆసు” అని బొంకే మనిషి అయితే, “రెండు ఆసులు” అన్న మాట ప్రతిసారీ నిజమే. “ఒక ఆసు” అన్న మాట మాత్రం 51 సార్లలో 25 సార్లు అబద్ధం. అంటే దాదాపు సగం. వినడానికి నమ్మశక్యంగా ఉన్న చిన్న మాటలోనే అనుమానించవలసినది ఎక్కువ ఉందన్నమాట.

2/19 అన్న లెక్క తప్పు కాదు. అది అమ్మ నోరు విప్పకముందు చేసిన లెక్క. ఆమె మాట విన్నాక, ఆమె ఎప్పుడు ఏమంటుందో కలుపుకొని మళ్లీ లెక్క వేయాలి. ఇంటర్‌లో షరతుతో కూడిన సంభావ్యత అని చదివేది ఇదే. సూత్రం బట్టీపట్టిన పిల్లలు ప్రశ్న కాస్త మారగానే తడబడతారు. ఆటలో ఒకసారి కుప్ప ఎత్తుకున్న పిల్లలకు ఆ సూత్రం ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

ఎప్పుడూ బ్లఫ్ చేయని మనిషి మాటలన్నీ ఎదుటివారికి తెరిచిన పుస్తకమే. ప్రతిసారీ బ్లఫ్ చేసేవారి గతి ‘నాన్నా పులి’ కథలో పిల్లవాడి గతి. అప్పుడప్పుడు, ఎదుటివారు ఊహించలేనట్టు చేయడమే మంచి పద్ధతి. ఈ విషయాన్ని గణితంగా మార్చినవాడు హంగరీలో పుట్టిన జాన్ వాన్ న్యూమన్. ఆటల సిద్ధాంతం మీద ఆయన 1928లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించాడు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టర్న్‌తో కలిసి ఆర్థికశాస్త్రానికి ఆ సిద్ధాంతాన్ని అన్వయిస్తూ పెద్ద గ్రంథం రాశాడు. పేకాటలో బ్లఫ్ ఎందుకు అవసరమవుతుందో అందులో లెక్కతో వివరించారు.

ముఖం చూసి చెప్పగలమా

ఆట ఆడేటప్పుడు అందరూ ఎదుటివారి ముఖాలే చూస్తారు. కళ్లు దించితే అబద్ధం, నవ్వితే అబద్ధం అనుకుంటారు. ఇంట్లోనూ మనం చేసేది అదే. “నా కళ్లలోకి చూసి చెప్పు” అంటాం.

అబద్ధాలను మనుషులు ఎంతవరకు పట్టుకోగలరన్న దాని మీద జరిగిన పరిశోధనలను చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒకచోట చేర్చి చూశారు. వాటిలో పాల్గొన్నవారు 24 వేలకు పైగా ఉన్నారు. నిజమో అబద్ధమో వారు సరిగ్గా చెప్పింది సగటున నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 సార్లు సరిపోతుంది. మన చూపుకు, మన అనుభవానికి కలిపి దక్కిన అదనం నాలుగు.

ఇది చదివి ఒప్పుకోవడం కష్టం. “మా వాడి సంగతి నాకు తెలియదా” అనిపిస్తుంది. కాబట్టి ఇంట్లోనే పరీక్షించండి. ఒక కాగితం మీద ఆడేవారి పేర్లు రాసి, ఎవరు ఎన్నిసార్లు “బ్లఫ్” అన్నారు, అందులో ఎన్ని సరైనవి అని గీతలు పెట్టండి. చేతిలో ముక్కల లెక్కతో ఖాయంగా పట్టుకున్నవి ఒక వరుసలో, ముఖం చూసి అన్నవి ఇంకో వరుసలో వేయండి. ముప్ఫై సార్లు అయ్యాక రెండు వరుసలూ పోల్చండి. లెక్కతో పట్టుకున్నవి తప్పడం అరుదు. ముఖం చూసి అన్నవాటి దగ్గర పెద్దవాళ్లే ఆశ్చర్యపోతే వింత లేదు.

బ్లఫ్ వేరు, అబద్ధం వేరు

ఇక రెండో సందేహానికి వద్దాం. ఈ ఆట పిల్లలకు అబద్ధాలు నేర్పుతుందా?

ఎదుటివారికి తెలియనిది తనకు తెలుసని, ఎదుటివారు పొరపాటు పడగలరని గ్రహించడం బుద్ధి ఎదుగుదలలో ఒక మెట్టు. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు పసిపిల్లలకు ఒక చిన్న కథ చెప్పి చూశారు. ఒక పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. వాడు తిరిగి వచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల వాళ్లు చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. నాలుగైదేళ్లు దాటాక, పెట్టిన చోటే వెతుకుతాడని చెప్పగలుగుతారు. అబద్ధం చెప్పడానికి కావలసిన తెలివీ ఎదుటివారి బాధను అర్థం చేసుకోవడానికి కావలసిన తెలివీ ఈ ఒక్క మెట్టు మీదుగానే వస్తాయి. ఆట ఆడినా ఆడకపోయినా పిల్లలు ఆ మెట్టు ఎక్కుతారు. ఎక్కాక దాన్ని ఎక్కడ వాడాలో చెప్పడం మన పని.

బ్లఫ్‌లో మూడు షరతులు ఉన్నాయి. ఇక్కడ చెప్పే మాట నిజం కాకపోవచ్చని కూర్చున్న అందరికీ ముందే తెలుసు. ముక్క తిప్పి చూపించమనే హక్కు అందరికీ ఉంది. ఓడినవారికి పోయేది కాసిని పేకముక్కలే. అబద్ధంలో ఈ మూడూ ఉండవు. వినేవారికి తాము ఆటలో ఉన్నామనే తెలియదు, తిప్పి చూసే హక్కు ఉండదు, పోయేది నిజమైన నమ్మకం. ఈ తేడాను ఉపన్యాసంగా చెబితే పిల్లలు వినరు. ఆట అయ్యాక, “ఇందాక నువ్వు రాణి అని చెప్పినదానికీ హోంవర్క్ అయిపోయిందని చెప్పడానికీ తేడా ఏమిటి?” అని అడిగి చూడండి. జవాబు వాళ్ల నోటితోనే రానివ్వండి. కట్ట పెట్టెలో పెట్టాక బ్లఫ్ ఉండదన్నది ఇంటి నియమం కావాలి. అలాగే ఆటలో బాగా బ్లఫ్ చేసిన పిల్లవాణ్ని తర్వాత “నువ్వు అబద్ధాలకోరువి, అప్పుడే చూశాంగా” అని దెప్పకూడదు.

కుప్ప ఎత్తుకోవడం

ఈ ఆటలో పెద్దలు గమనించవలసిన నియమం ఒకటి ఉంది. నిజం చెప్పినవారిని అనుమానిస్తే, అనుమానించినవారే కుప్ప ఎత్తుకోవాలి. అనుమానం ఉచితం కాదు. అందుకే పిల్లలు ప్రతి మాటకూ “బ్లఫ్” అనరు. ఆలోచించి అంటారు.

ఇంట్లో ఎలా ఉంది? యూనిట్ టెస్టు పేపర్లు ఇంకా ఇవ్వలేదని అమ్మాయి చెబుతుంది. మనం నమ్మం. బ్యాగు వెతుకుతాం, క్లాస్ టీచర్‌కు ఫోన్ చేస్తాం, తోటి పిల్లల తల్లులను అడుగుతాం. ఆ పిల్ల చెప్పింది నిజమేనని తేలుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? చాలాసార్లు ఏమీ చేయం. “సరేలే, వెళ్లి చదువుకో” అంటాం. కుప్ప ఆ పిల్ల చేతిలోనే ఉండిపోతుంది. నిజం చెప్పినా అనుమానమే, అబద్ధం చెప్పినా అనుమానమే అయినప్పుడు, నిజం చెప్పడం వల్ల తనకు ఏమిటి లాభం అని ఆ వయసులో పిల్లలు లెక్క వేసుకుంటారు. అదేమీ తెలివితక్కువ లెక్క కాదు.

అనుమానించవద్దని చెప్పడం లేదు. తల్లిదండ్రులుగా అడగవలసిన సందర్భాలు ఉంటాయి, అడగాలి. అనుమానం తప్పని తేలినప్పుడు మాత్రం, “నువ్వు నిజమే చెప్పావు, నేనే నమ్మలేదు, సారీ నాన్నా” అని పైకి అనాలి. మనం ఎత్తుకోవలసిన కుప్ప అంతే. మార్కులు తగ్గిన సంగతి పిల్లలు తమంతట తాము వచ్చి చెప్పిన రోజున, మార్కుల సంగతి మాట్లాడే ముందు, వచ్చి చెప్పినందుకు ఒక మంచి మాట అనాలి. నిజానికి ఇంట్లో దండన ఎక్కువ, అబద్ధానికి తక్కువ అయితే, మనకు తెలియకుండా మనమే తప్పు నియమాలతో ఆట నడుపుతున్నట్టు.

“బ్లఫ్” అనగలగడం

నమ్మవలసినవారిని నమ్మడం ఎంత అవసరమో, అనుమానించవలసిన చోట నోరు విప్పడం అంతే అవసరం. మొహమాటం వల్ల, పెద్దవారన్న జంకు వల్ల కొంతమంది పిల్లలు ఆటలో కూడా “బ్లఫ్” అనలేరు. నాన్న వేసిన ముక్కను అనుమానించడం తప్పేమో అనుకుంటారు. అలాంటి పిల్లలను ఓపికగా ప్రోత్సహించండి. వాళ్లు పట్టుకున్నప్పుడు నవ్వుతూ కుప్ప ఎత్తుకోండి.

ఆ ధైర్యం బయట పనికొస్తుంది. పోలీసులమనో, సీబీఐ అధికారులమనో వీడియో కాల్ చేసి, “డిజిటల్ అరెస్టు చేశాం, ఫోన్ పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు, డబ్బు పంపండి” అని బెదిరించే మోసాలు పెరిగాయి. మన చట్టాల్లో డిజిటల్ అరెస్టు అనేది లేదు. ఈ మోసగాళ్లు వాడేవి భయం, తొందర, ఒంటరితనం. ముక్క తిప్పి చూసే వ్యవధి మనకు దొరకకుండా చేస్తారు. “ఒక్క నిమిషం, ఫోన్ పెట్టేసి అమ్మను అడిగి చెబుతాను” అనడమే అక్కడ బ్లఫ్ అనడం. ఓటీపీ అడిగినా, బహుమతి వచ్చిందన్నా అదే మాట. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలని పిల్లలకూ, ఇంట్లో ఉన్న తాతయ్య నానమ్మలకూ చెప్పి ఉంచండి.

డబ్బు సంగతి

మొదటి సందేహానికి జవాబు చిన్నది. ఈ ఆటలో డబ్బు ఉండకూడదు. రూపాయి కూడా వద్దు. పందెం కాస్తే లెక్క వెనక్కి పోయి ఆశ ముందుకు వస్తుంది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. అయినా ఆన్‌లైన్ పందేలు కుటుంబాలకు చేసిన నష్టం చూశాక తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పండి. పేకముక్కకు పాపం లేదు. దాని మీద పెట్టే డబ్బు దగ్గరే జాగ్రత్త కావాలి.

ఏ వయసువారితో ఎలా

ఒకటి, రెండు తరగతుల వారితో 1 నుంచి 5 వరకు నంబర్లున్న 20 ముక్కలతోనే ఆడండి. ముక్కలు చూపించేస్తారు, నవ్వేస్తారు. ఆ వయసుకు అదే అందం, సరిదిద్దకండి.

మూడు నుంచి ఐదు తరగతుల వారికి పూర్తి కట్ట ఇవ్వవచ్చు. ఓడిపోతే ఏడ్చే పిల్లలుంటే, ఆటను గెలుపు వరకు లాగకుండా పావుగంటకు ఆపి, ఎవరి చేతిలో తక్కువ ముక్కలున్నాయో చూడండి.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారితో వంతుల వరుస రాయించి ఆడండి. తొమ్మిది, పది తరగతుల వారు పైన చెప్పిన ఆసుల లెక్కను, చేతిలో ఒక్క ఆసు మాత్రమే ఉన్నప్పుడు ఎలా మారుతుందో స్వయంగా వేసి చూడాలి. ఇంకో ప్రశ్న కూడా వారికి ఇవ్వండి: ఒకరు చివరి ముక్క వేసి చెప్పినప్పుడు ఎప్పుడూ “బ్లఫ్” అనే తీరాలి, ఎందుకు? జవాబు తేలికే. నిజమైతే వారు ఎలాగూ గెలిచారు, మనకు కొత్తగా పోయేదేమీ లేదు. అబద్ధమైతే ఆట మిగులుతుంది.

ఈ నెలలో కనీసం మూడు ఆదివారాలు అరగంట చొప్పున ఆడండి. ఫోన్లు పక్క గదిలో పెట్టండి. గీతలు పెట్టిన కాగితాన్ని పిల్లల గణితం నోటుబుక్కులో అంటించి పంపితే, క్లాసులో అందరి లెక్కలూ కలిపి చూస్తాం. ముఖం చూసి పట్టుకున్న వరుసలో ఎవరి ఇంట్లో ఎన్ని సరైనవో పిల్లలే శాతాలు కడతారు.